గేమ్ డబ్బాకి పాలాభిషేకం

గృహప్రవేశంలో పాలు పొంగితే చుట్టాలంతా సంతోషిస్తారు. నేను పోసిన పాలకి మాత్రం జగ్గయ్యపేటలో నా దుకాణం మూతపడబోయింది, నందిగామ పగలబడి నవ్వింది. ఆ ఘనకార్యం చెబుతాను. మీరూ నవ్వుకోండి, నాకు అలవాటైపోయింది.

బడి నన్ను, నేను బడిని తొందరగానే వదిలేసుకున్నాం. తర్వాత బస్టాండు దగ్గర, టీవీకి తగిలించి ఆడే గేమ్ డబ్బా ఒకటి పెట్టి పార్లర్ తెరిచాను. ఈ డబ్బాల్లో పోటీ కంపెనీలు రెండు. ఒకదాని అభిమానులది నీలం జట్టు, ఇంకోదానిది ఆకుపచ్చ. నాది ఆకుపచ్చ. పెళ్లిచూపులకి కూడా ఆ రంగు చొక్కాతోనే వెళ్లాను. జోస్యం చెప్పేవాడి చిలక తప్పించుకొచ్చిందనుకున్నారేమో, అమ్మాయివాళ్లు మళ్లీ కబురు పెట్టలేదు.

నా చిన్నప్పటి స్నేహితుడు జానీకి నందిగామలో ఇలాంటి పార్లరే ఉంది, పక్కనే రిపేరు బల్ల. వాడు నీలం. మా డబ్బాల అమ్మకాలు పడిపోయాయని వార్త వస్తే చాలు, ఫోన్ చేసి పరామర్శించేవాడు. "మీవాళ్లకి ఎట్లా ఉంది మామా? ఏమన్నా తింటున్నారా?"

అలాంటి రోజుల్లో మా కంపెనీ కార్ల రేసు ఆట ఒకటి వదిలింది. ఆకుపచ్చ డబ్బాలో తప్ప ఇంకెక్కడా ఆడలేరు. ఆదివారం మా ఊరి కుర్రాళ్లకీ నందిగామ కుర్రాళ్లకీ నా పార్లర్లో పోటీ పెట్టాను. అది జరిగితే నా దుకాణం నిలబడుతుంది, జరక్కపోతే అందరూ జానీ దగ్గరికి పోతారు.

ఆ ఊపులో సినిమా హీరోకి చేసేవన్నీ డబ్బాకి చేయాలనిపించింది. దుకాణం ముందు ఫ్లెక్సీ కట్టించాను. అందులో డబ్బా కంటే నా ఫొటోనే పెద్దది. జనం చూస్తారని అసలు డబ్బాకి బంతిపూల దండ వేసి, ఫ్లెక్సీ కిందే స్టూలు మీద కూర్చోబెట్టాను.

పాలు పోసే సుబ్బమ్మ పిన్ని అడిగింది. "బిందెడు పాలు దేనికిరా?"

"అభిషేకం పిన్నీ."

"ఏ గుళ్లో?"

"గుళ్లో కాదు, మన గేమ్ డబ్బాకి. ఫొటో మీద పోస్తాం."

పిన్ని నా నుదురు తాకి చూసి, పాలు పోసి వెళ్లింది.

నిచ్చెనెక్కి బిందె వంచాను. కుర్రాళ్లు ఈలలేశారు. ఫ్లెక్సీ మీద పాలు నిలుస్తాయా? నా బొమ్మ మీసాల మీదుగా జారి, గడ్డం దాటి, డబ్బా నెత్తిన గాలి కోసం పెట్టిన చిల్లుల్లోకి తిన్నగా దిగాయి. బిందె ఖాళీ అయ్యాక గానీ నేను కిందికి చూడలేదు. పైపైన తుడిచి, ప్లగ్గు పెట్టి చూడటం నా రెండో తెలివి. చిటపటమంది. మాడిన పాలకోవా వాసనొచ్చింది.

మా చుట్టుపక్కల వీటిని బాగుచేసేది ఒక్కడే. ఎవడో మీకు చెప్పక్కర్లేదు. డబ్బాని సిమెంటు సంచిలో చుట్టి, మొహానికి తువ్వాలు కట్టుకుని నందిగామ బస్సెక్కాను. చిల్లకల్లు దాటేసరికి పక్క సీటు పెద్దాయన ముక్కు ఎగబీల్చాడు. "సంచిలో పెరుగా బాబూ?"

జానీ తల కూడా ఎత్తలేదు. "తువ్వాలు తియ్ మామా, ఊపిరాడక పోతావ్."

మరలు విప్పి లోపలికి చూశాడు. "బాగానే తోడుకుంది. ఉల్లిపాయ తెప్పించనా?"

"బతుకుద్దా?"

"కష్టం. బోర్డు కాలిపోయింది."

"ఆదివారం పోటీరా."

వాడు అల్మరాలోంచి తన నీలం డబ్బా తీసి నా ముందు పెట్టాడు. "పట్టుకెళ్లు. ఇందులో ఏదో ఒక ఆట ఆడించు."

"నా పార్లర్లో నీలమా? నా పరువేం కావాలి?"

"సంచిలో తెచ్చావుగా, అదే నీ పరువు. అయినా ఇయ్యాల వార్త చూళ్లేదా?" అంటూ ఫోన్ చూపించాడు. అమ్మకాలు చాలక మా ఆకుపచ్చ కంపెనీ ఆ రేసు ఆటని నీలం డబ్బాకి కూడా ఇచ్చేస్తోందట.

జానీ లేచి నిలబడి చేతులు జోడించాడు. "మా ఆటకి పాలు పోసినందుకు మా జట్టు తరఫున థాంక్సండి."

ఆదివారం పోటీ జరిగింది, పులిసిన పాల కంపు కొడుతున్న ఆకుపచ్చ ఫ్లెక్సీ వెనక, నీలం డబ్బా మీద. పార్లర్ నిలబడింది.

ఇందుమూలంగా ఆ తువ్వాలు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ కంపెనీ గెలిచినా ఇక పాలచుక్క పోయను. అభిమానం మరీ ఆగకపోతే దూరం నుంచి హారతి ఇస్తాను, అంతే.

ఈ మాట జానీకి ఫోన్ చేసి చెప్పాను. వాడు మెల్లగా అన్నాడు. "కర్పూరం వెలిగించే ముందు నాకొక ఫోన్ కొట్టు మామా."