గుట్ట ముక్క

ఫోన్లో ఒక ఆట ఉంది. ఆకాశం నుంచి తీసిన ఊరి పటాన్ని చదరాలుగా కోసి, కలగాపులగం చేసి మన ముందు పడేస్తుంది. ఏ ముక్క ఎక్కడిదో చూసి పేర్చాలి. సరైన చోట పెడితే అతుక్కుంటుంది, తప్పయితే వెనక్కి జారిపోతుంది. నేను పనిచేసే బడిలో మధ్యాహ్నం తిండి అయ్యాక రోజూ ఆడేదాన్ని. జన్మలో చూడని ఊళ్లు ఎన్నో పేర్చాను. నా సొంత ఊరు ఎలాగూ లేదు కదా.

మా ఊరు గోదావరిఖని అవతల ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో పోయింది. అందరం వచ్చి కాలనీలో పడ్డాం. కాలనీకి ఊరి పేరే పెట్టుకున్నాం, మిగిలింది అదొక్కటే. దేశానికి కరెంటు కావాలంటారు. కావాలి మరి, నా ఫోన్ చార్జింగు కూడా దాంతోనే. ఊరితో పాటు బొందలగడ్డ కూడా పోయింది. అందులో మా తమ్ముడున్నాడు. అయిదో ఏట జ్వరమొచ్చి చనిపోతే అక్కడే పూడ్చారు.

మా వాళ్లు దీపావళి చేసేది ఇంట్లో కాదు, బొందలగడ్డలో. బొందలు కడిగి, ముగ్గేసి, పోయినవాళ్లకు ఇష్టమైనవి పెట్టి దీపాలు ముట్టిస్తాం. ఊరు పోయాక మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, కాలనీ వెనక కంచె దగ్గర నిలబడి, ఎదురుగా కనిపించే మట్టిగుట్ట వైపు దీపం పెట్టడం మొదలుపెట్టింది. గనిలో తవ్విన మట్టిని పోసి పోసి పెంచిన గుట్ట అది. దీనికంతటికీ మూలం మా బాపు చెప్పిన మాటే.

"గుట్ట కిందనే ఉన్నడే పోరడు. మీద మట్టి పడ్డది గంతే," అన్నాడు అప్పట్లో.

బాపు ఆ గనిలోనే మట్టి మోసే డంపర్ నడిపి రిటైరయ్యాడు. ఆయనకు తెలియకుండా ఉంటుందా అని అవ్వ నమ్మింది. నేనూ నమ్మాను.

మొన్న దీపావళి పొద్దున ఆ ఆటలో మనకు కావలసిన చోటును కూడా పెట్టుకోవచ్చని తెలిసింది. మా ఊరున్న చోటు పెట్టాను. బొంద ఎక్కడుందో సరిగ్గా తేలితే అవ్వ ఆ దిక్కుకే దీపం పెట్టుకుంటుందని నా ఆశ. గారెలు వేస్తున్నదాన్ని పిలిచాను.

"అవ్వా, జర చేతులు కడుక్కొని రా. మన ఊరు పేరుద్దువు."

అవ్వ కళ్లజోడు పెట్టుకుని కూర్చుంది. వాగు వంపును చూడగానే పట్టేసింది. "గిదో, గీడనే బట్టలు పిండుతుంటిమి." అతుక్కుంది. తర్వాత రైలు పట్టా ముక్క. అదీ అతుక్కుంది. "వాగుకు, పట్టాకు నడుమనే బొందలగడ్డ," అంటూ గుట్ట ముక్కను తెచ్చి అక్కడ పెట్టింది. జారిపోయింది. మళ్లీ పెట్టింది, మళ్లీ జారింది. "నీ ఫోను ఖరాబైంది," అని నన్ను తిట్టింది.

ఈ పొరపాటు మా కాలనీలో అందరిదీ. ఏ దిక్కు చెప్పాలన్నా గుట్టనే చూపిస్తాం. దాని వెనక ఏముందో కనపడదు కాబట్టి, ఊరు దాని కిందే ఉందనుకుంటాం.

మిగిలిన ముక్కల్లో అక్కడ సరిపోయింది ఒక్కటే. అది గొయ్యి. మెట్లు మెట్లుగా దిగిపోయిన నల్లటి గొయ్యి. గుట్టేమో ఆ గొయ్యికి ఇవతల, మా కాలనీ వైపు, ఎవరిదో పాత మెట్ట చెలక మీద ఉంది.

పొయ్యి మీద నూనె పొగలొస్తున్నా అవ్వ లేవలేదు. నేనే వెళ్లి ఆర్పాను. ఈ మాయదారి ఆట ఎందుకు తెచ్చి పెట్టానా అని నన్ను నేను తిట్టుకున్నాను కానీ, ఒళ్లు మండింది మాత్రం బాపు మీదే. ఇన్నేళ్లూ ఉత్త మట్టికి మాతో దండం పెట్టించాడు.

"ఏందయ్యా, అబద్ధమెందుకు చెప్పినవ్?" అంది అవ్వ. గొంతు పెంచలేదు.

బాపు గడప మీద కూర్చుని ఉన్నాడు. ఫోన్ వైపు చూడనేలేదు.

"అబద్ధం కాదే. గుట్ట కిందనే ఉన్నడు. గా దినం బొందలగడ్డ మట్టి నా డంపర్లనే నింపిన్రు. నేనే తీస్కపోయి పోసిన."

సాయంత్రం అవ్వ గారెలు మూటగట్టుకుని కంచె దగ్గరికి పోయింది. దీపం గుట్ట వైపే పెట్టింది. వెంట బయల్దేరిన బాపును మాత్రం, "నువ్వు రాకు," అని గడప దగ్గరే ఆపేసింది.