బల్లుల పార్కు, నేను చెప్పని మాట

ఆ ఆట మిషనుకు ఎండ కావాలి. దాని అద్దంలో సొంత వెలుగు లేదు, ఎండ పడకపోతే బొమ్మ కనిపించదు. పొద్దున ముందు గడప మీద, సాయంత్రం వెనక వాకిట్లో, రెండు చేతుల మధ్య పట్టుకుని అటూ ఇటూ వంచుకుంటూ కూర్చోవాలి. తెలంగాణ రావడానికి పదేళ్ల ముందు మాట ఇది. అప్పుడు మేము గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్లం. రెండు గదులు, నలుగురం మనుషులం: నేను, మా ఆయన, ఆయన తమ్ముడు అంటే మా మరిది, వాళ్ల నాయన అంటే మా మామ.

దాన్ని మా తమ్ముడు దుబాయి నుంచి తెచ్చాడు. వాడు పనిచేసే ఇంట్లో పిల్లలు ఆడి ఆడి పక్కన పడేసినదట. సబ్బులు, సెంటు సీసా, మెత్తటి దుప్పటి, వాటి మధ్యలో ఇది.

"అక్కా, నీ మరిది నైటు షిఫ్టు జేసచ్చి పగలు పండుకుంటే నువ్వు టీవీ వెట్టరాదు గదా. దీనికి సప్పుడు బందు వెట్టుకోవచ్చు" అన్నాడు.

లోపల ఒక్కటే ఆట. కంప్యూటర్లలో ఆడే పెద్ద ఆటను కుదించి ఈ అరచేతి డబ్బాలో పెట్టారని వాడే చెప్పాడు. అందులో ఉరకడం లేదు, కాల్చడం లేదు. ఒక దీవి ఇస్తారు, అందులో రాక్షసబల్లుల పార్కు నడపాలి. తవ్వేవాళ్లను పంపితే తేనెరంగు రాయి తెస్తారు, ఆ రాయిలోంచి బల్లిని పుట్టిస్తారు. దానికి కంచె కట్టాలి, మేత పెట్టాలి, ఆ తర్వాత గేటు తీసి జనాన్ని లోపలికి వదలాలి.

"ఆడ గూడ తవ్వుడేనా!" అన్నాడు మామ. "నేను ఇన్నేండ్లు తవ్విన. ఆకుల అచ్చులు సూసిన రాళ్లమీద. ఒక్క బల్లి దొర్కలే."

నేను చదివింది నాలుగో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు రావు. ఏ మీట నొక్కితే ఏ బొమ్మ వస్తుందో గుర్తు పెట్టుకున్నాను, అంగట్లో ఎవరి గంప ఎక్కడ ఉంటుందో గుర్తు పెట్టుకున్నట్టే. మూడు కొమ్ముల దానికి బర్రె అని, పొడుగు మెడ దానికి కరెంటు స్తంభం అని పేర్లు పెట్టాను. పెద్ద తల, నోటినిండా పళ్లు ఉన్నదానికి మామ మేనేజర్ సాబ్ అని పెట్టాడు.

పార్కు సంగతికి పోయేముందు ఇంట్లో సంగతి చెప్పాలి. అన్నదమ్ములిద్దరూ అప్పటికి కొన్ని నెలలుగా మాట్లాడుకోవడం లేదు. దానికి కారణం నేను. ఆ ముక్క నాకు తప్ప ఎవరికీ తెలియదు.

మామకు బొగ్గు దుమ్ముతో ఛాతీ పాడైంది. గని పనికి పనికిరాడని డాక్టర్లు రాసి ఇచ్చారు. అట్లా అయితే ఒక కొడుక్కి ఆ ఉద్యోగం ఇస్తారు. మా ఆయనకు వయసు దాటిపోయింది. ఇక మిగిలింది మరిదే. కాగితాల మీద సంతకం పెట్టే ముందురోజు, నేను మిరపకాయలు దంచుతుంటే మరిది వచ్చి నిలబడ్డాడు.

"వదినా, నాయిన నా పేరు రాపిస్తండు. రేపే సంతకం. అన్నకు నువ్వే జెప్పు. ఆయన మొకం సూసి అడుగుడు నాతోటి కాదు. ఆయన వద్దంటే ఆగుత."

"సరే, చెప్త" అన్నాను. చెప్పలేదు. మా ఆయనది వెల్డింగు షాపులో పని. పనున్న రోజు ఉంటుంది, లేని రోజు లేదు. నేను జవాబు తేకపోతే మరిది సంతకం పెట్టకుండా ఆగుతాడని, ఒక్కరోజు ఆగితే వయసు సంగతి ఎవరైనా చూసీచూడనట్టు పోతారేమో, ఈ క్వార్టర్ మాకే ఉంటుందేమో అని ఆశపడ్డాను. ఎట్లా అవుతుందో నాకే తెలియదు. అన్న వద్దనలేదు కదా అని మరిది మరుసటి రోజు సంతకం పెట్టేశాడు. మా ఆయనకు ఆ కబురు చాయ హోటల్లో బయటివాళ్ల నోట తెలిసింది.

"ఒక్క కప్పు కింద ఉంటం. ఒక్క మాట జెప్పలే నాకు" అన్నాడు ఇంటికొచ్చి. మరిదేమో, చెప్పించాను కదా, అన్నకు ఉద్యోగం మీద కన్నుంది కాబట్టే ముఖం తిప్పుకున్నాడు అనుకున్నాడు. క్వార్టర్ కూడా మరిది పేరు మీదికి మారింది. "వానలు వడ్డంక కిరాయి ఇల్లు సూస్త" అని మా ఆయన అన్నప్పుడల్లా మామ కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. వేరు పడితే ఆ ముసలాయన ఎవరి దగ్గర ఉండాలో ఆయనకే తెలియదు.

ఇద్దరి మాటలూ నా మీదుగానే పోయేవి. మరిది రెండు మూరల దూరంలో కూర్చుని ఉన్నా, "నల్లా అచ్చిందని నీ మరిదికి జెప్పు" అనేవాడు మా ఆయన. నేను మళ్లీ చెప్పేదాన్ని.

ఆట వచ్చాక ఇద్దరూ వేరువేరుగా నా దగ్గరే నేర్చుకున్నారు. అయితే అందులో ఒక్క పార్కునే దాచిపెట్టడానికి చోటు. ఎవరు ఆడినా అదే పార్కు. మా ఆయన పొద్దున షాపుకు పోయేముందు, మరిదికి అప్పటికి నైటు పోయి ఫస్టు షిఫ్టు పడింది కాబట్టి, వాడు ఇంటికి వచ్చాక సాయంత్రం. మా ఆయన కిటికీ జాలీలు, గేట్లు చేసే మనిషి కాబట్టి కంచె మీద కంచె కట్టేవాడు. మరిదికి జనం రావాలి, దారులు నిండాలి. వాడు సాయంత్రం కొన్ని కంచెలు పీకేవాడు.

"ఎవడు పీకిండు దీన్ని?" అనేవాడు పొద్దున మా ఆయన.

"నేను గాదు."

"నువ్వు గాదని నాకెర్కే. జాలి పని దెల్వనోడు జాలి ముట్టద్దని ఆ గాడ్దికి జెప్పు."

సాయంత్రం నేను మరిదితో, "కంచె జాగ్రత్తగ సూసుకొమ్మన్నడు మీ అన్న" అనేదాన్ని.

"గేటు దియ్యకుంట కంచె గట్టుకుంట కూసుంటే అది పార్కా, జైలా?" అనేవాడు మరిది.

పొద్దున మా ఆయనతో, "గేటు ఎప్పుడు దియ్యాల్నో అడుగుతండు" అనేదాన్ని.

"అడిగిండా?" అని ఆయన కాసేపు మిషను వైపే చూసేవాడు. "రెండు దినాలు ఆగి తియ్యమను."

మామ ఇదంతా మంచంలోంచి వినేవాడు. "బాయిల రిలీవరు అచ్చేదాక జాగ ఇడువద్దు" అన్నాడు ఒకసారి. బాయి అంటే మా దగ్గర బొగ్గు గని, రిలీవరు అంటే తర్వాతి షిఫ్టుకు వచ్చే మనిషి. "ఏడ పైకప్పు సప్పుడు జేత్తందో అచ్చినోనికి మొకమ్మీద జెప్పినంకనే మనం పైకి వోవాలె. వీళ్లేమో ఆడిమనిషి నోట్లెకెంచి చార్జి ఇచ్చుకుంటండ్రు."

ఒకరోజు పొద్దున మా ఆయన లేస్తూ, "మేనేజర్ సాబ్ కంచె సగం ఇప్పిన, పెద్దది గట్టాలె. గేటు మూసిన. ఇయ్యాల తియ్యద్దని జెప్పు" అన్నాడు. అప్పుడే నల్లా వచ్చింది. బిందెల దగ్గర పక్కింటావిడతో మాటామాటా పెరిగింది. ఆ గొడవలో నేను మరిచిపోయాను. సాయంత్రం మరిది వచ్చి, గేటు మూసి ఉంది కదా అని తీశాడు. గేటు తీస్తేనే ఆటలో బల్లులు కదులుతాయి, సగం కంచెలోంచి మేనేజర్ సాబ్ బయటపడ్డాడు. జనం పరుగులు, బర్రెలు చచ్చిపోయాయి, కరెంటు స్తంభం ఒక్కటే మిగిలింది. వాడు ఏదో బాగుచేయబోయి, అలవాటుగా దాచే మీట నొక్కేశాడు, పాత పార్కు పోయి ఆ పాడైనదే నిలిచింది.

మరునాడు మా ఆయన గడప మీద కూర్చుని అది చూశాడు. తిట్టలేదు. మిషనును మెల్లగా కింద పెట్టాడు. నాకు దానికే భయమేసింది.

"వానల దాక ఎందుకు. ఐతారం సామాన్లు సదురు" అన్నాడు. "జెప్పినంక గూడ జేసిండంటే కావాల్నని జేసినట్టే."

ఆ రోజు మరిదికి ప్లే డే, అంటే వారానికో సెలవు. వెనక గడ్డం గీసుకుంటున్నాడు. పిలిచాను. సగం నురగతోనే వచ్చాడు.

"గేటు తియ్యద్దన్నడు మీ అన్న. నేను మర్సిన. నీకు చెప్పలే" అన్నాను.

మా ఆయన ముఖం కొంచెం సడలింది. "మర్సినవా... సరే తీ" అన్నాడు. నేను అక్కడ ఆగిపోతే అయిపోయేది.

"ఇంకోటి గూడ ఉన్నది" అన్నాను. సంతకం ముందురోజు మరిది వచ్చి నిలబడ్డది, వాడు అన్న మాట, నేను చెప్పనిది, ఎందుకు చెప్పనిదీ అన్నీ చెప్పాను. మామ మంచంలో లేచి కూర్చున్నాడు.

మా ఆయన అన్ని నెలల తర్వాత మొదటిసారి తమ్ముడి ముఖంలోకి చూశాడు. "నువ్వు జెప్పుమన్నవా?"

"జెప్పుమన్న, అన్నా. నువ్వు వద్దంటే ఆగుత అని గూడ అన్న."

"నేనెందుకు వద్దంటరా?"

"అది నాకెట్ల ఎర్క?"

మరిది చెంప మీద నురగ ఎండిపోయింది. తర్వాత మా ఆయనే, "నిన్ను గాడ్ది అన్న. అదైన జెప్పిందా?" అన్నాడు.

"లేదు. జాగ్రత్త అన్నవని జెప్పింది."

"జాగ్రత్త గీగ్రత్త నేననలే."

"గేటు ఎప్పుడు దియ్యాల్నని నేను గూడ అడుగలే. జైలా అన్న."

మామ నవ్వబోతే దగ్గు వచ్చింది. ఇద్దరూ ఒకేసారి నీళ్లకు లేచారు.

సామాన్లు సర్దలేదు. పార్కును ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మళ్లీ మొదటి నుంచి కట్టారు. మా ఆయన మాత్రం నాతో పదకొండు రోజులు మాట్లాడలేదు. ఏం కావాలన్నా తమ్ముడితో చెప్పించేవాడు. వాడు ఒక్క అక్షరం మార్చకుండా తెచ్చి అప్పగించేవాడు: "వదినా, నీ చేతి చాయ తాగబుద్ధి అయితలేదట. అయినా వెట్టాల్నట." పన్నెండో రోజు ఆయనే వచ్చి, పెన్సిల్ సెల్లులు ఎక్కడున్నాయని అడిగాడు. చెప్పాను.

మరిది నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. పండుగకు చీర తెచ్చాడు, జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయాడు. మరుసటి ఏడు వాడికి సంబంధం కుదిరేటట్టుందని కబురు వచ్చింది. నేను ముందు గదిలో బట్టలు మడతపెడుతున్నాను. వాడు లోపలికి వచ్చి, నన్ను చూసి కాసేపు ఆగాడు. ఆ తర్వాత నన్ను దాటి వెనక వాకిట్లోకి పోయి, "అన్నా, నీతోటి ఒక మాట" అన్నాడు. తలుపు వేయలేదు. నేను బట్టలు మడతపెడుతూ విన్నాను.