పేజీ అడుగున వదిన పేరు

మేడం పోయారని నాకు చెప్పింది ఎల్లారెడ్డి బస్టాండులో చాయ్ కొట్టు మల్లయ్య. ఆయన బిడ్డ మేడం దగ్గర చదువుకుంది. చెప్పిందెవరో ముందే రాస్తున్నాను. మేడం ఉంటే మొదట అదే అడిగేవారు.

అప్పటికే నేను ఆమె దగ్గరికని బయలుదేరి ఉన్నాను. సంచిలో ఆమెకిష్టమైన పచ్చి పల్లికాయలున్నాయి. తలూపి కామారెడ్డి బస్సెక్కాను.

మేడం కామారెడ్డి కాలేజీలో తెలుగు చెప్పేవారు. నేను మా ఊరి బడిలో ఏడు దాకా చదివి, ఎవుసం చేసుకున్నవాణ్ణి. వరినాట్ల పాటలు సేకరిస్తూ మేడం ఒకనాడు మా ఇంటికొచ్చారు. నాకు మాటలు తక్కువ, కానీ విన్న పాట మరవను. వానతో ఒకామె కొట్లాడే పాట ఉంది, మా వదిన పాడేది. తల వంచుకుని అది చెప్పాను.

కొన్నాళ్లకు టైపు చేసిన వ్యాసం తెచ్చి చూపించారు. పాట చివర చిన్న అంకె ఉంది. అదే అంకె పేజీ అడుగునా ఉంది, పక్కన సన్నటి అక్షరాలతో.

"గిదేంది మేడం, చీమల బారు లెక్క?"

"ఎవరు చెప్పిన్రో గక్కడ రాస్తం బాపు. పైన మాట్లాడేది నేను. నాకు చెప్పినోళ్లు కింద ఉంటరు."

"చెప్పినోళ్లను కింద కూసోబెట్టిన్రా?"

ఆమె పడీపడీ నవ్వారు. "బునాది కిందనే ఉంటది గద బాపు!"

తర్వాత కలం తీసి, "మీ వదిన పేరు చెప్పుండ్రి" అన్నారు.

నోరు తెరిచాను. పేరు రాలేదు. మా దిక్కు కోడలిని పుట్టినూరి పేరుతో పిలుస్తారు. ఆమె అందరికీ లింగంపేటామె, నాకు వదిన. ఎన్నో ఏండ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. ఆమె, అన్న ఇద్దరూ పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. కాగితాలు చెదలు తిన్నాయి.

"నా పేరు రాయుండ్రి మేడం," అన్నాను సిగ్గుతో.

"మీరు విన్నోళ్లు బాపు. పాడింది ఆమె."

వ్యాసం మర్నాడే పంపాలి. ఆమె అక్కడే నిలబడి, ఇంకొన్ని రోజులు గడువు కావాలని పత్రికవాళ్లకు ఫోన్ చేశారు. అటువైపు ఒప్పుకోలేదనుకుంటాను. "ఈసారి ఎయ్యకున్నా మంచిదే సార్. పేరు లేకుంట పంపను," అని పెట్టేశారు. ఒక్క పేరు కోసం చేతిలోని పని వదులుకునే మనిషిని నేనప్పుడే చూశాను.

మర్నాడు ఇద్దరం లింగంపేటకు పోయాం. అడుగుతూ పోతే వదిన ఈడు ముసలామె దొరికింది. అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. సంగతి విని నన్ను కిందికీ మీదికీ చూసింది.

"మా సాయవ్వ పేరా? ఏండ్లకేండ్లు ఆమె చేతి బువ్వ తిన్నవు. పేరు తెల్వదా నీకు?"



"తెల్వకనే గద అవ్వా, బస్సెక్కి వచ్చిండు," అన్నారు మేడం.

అక్కడే కూర్చుని, పైకి చదువుతూ రాశారు. పాడినవారు సాయవ్వ, కామా, లింగంపేట. విని చెప్పినవారని దాని కింద నా పేరు. నడుమ ఆ కామా ఎందుకని అడిగాను.

"మడికీ మడికీ నడుమ గట్టు లెక్క బాపు. గట్టు లేకుంటే ఎవరి నీళ్లు ఎవరివో ఎట్ల తెలుస్తది?"

వ్యాసం ఆలస్యంగా, వేరే పత్రికలో వచ్చింది. నాకొక ప్రతి తెచ్చిచ్చారు. పైన ఏం రాశారో నాకు పూర్తిగా అర్థం కాలేదు. అడుగున ఉన్న వరుస మాత్రం ఎన్నిసార్లు చదివానో. మేడం మాట తీరే అంత. చాయ్ బాగుందన్నా, "ఈ కొట్టు మా అటెండర్ చూపిచ్చిండు" అనకుండా తాగేవారు కాదు.

కామారెడ్డిలో మేడం చివరిచూపు చూసి తిరుగు బస్సెక్కాను. పల్లికాయల సంచి ఒళ్లోనే ఉంది. పక్క సీటు ముసలామె కిటికీలోంచి చూస్తూ, "మబ్బు పట్టింది. రేపు వాన పడతది," అంది.

కొత్తవాళ్లను నేనెప్పుడూ పలకరించను. ఆవేళ నోరు దానంతటదే కదిలింది.

"నీ పేరేంది అవ్వా?"

"బిచ్కుందామె అంటరు."

"గది ఊరు. నీ పేరు?"

ఆమె నన్ను వింతగా చూసింది. కొంగు సర్దుకుంది.  ఒక ఊరు దాటాక మెల్లగా చెప్పింది. చెప్పి, ఇంకోసారి తనలో తాను అనుకుంది. నేను పల్లికాయలు ఆమె దోసిట్లో పోశాను.

రేపు వాన పడుతుందట. చెప్పినవారు లచ్చవ్వ, బిచ్కుంద.