నడుం మీది నల్లగీత

కేసముద్రం మార్కెట్ యార్డులో మక్కజొన్న గింజలు చెరగడంలో లక్ష్మీనర్సమ్మ చేతికి ఎదురు లేదు. చాట పట్టిందంటే పొట్టు ఒకవైపు, గింజ ఒకవైపు. బస్తా లేపలేక మొగవాళ్ళు తడబడితే తానే వెళ్ళి ఓ కొస పట్టేది. పొద్దున పనికి బయలుదేరే ముందు ఊపిరి లోపలికి పీల్చి, పొట్ట వెన్నుకంటుకున్నాక లంగా నాడా లాగి ముడేసేది.

అందుకో కారణముంది. పెళ్ళై వచ్చిన కొత్తలో, నెత్తిన గంపతో నడుస్తుంటే నాడా వదులై చీర కాళ్ళకు చుట్టుకుంది. గంప వదిలితే గింజలు నేలపాలు, వదలకపోతే మానం నేలపాలు. ఆమె గంప వదల్లేదు. యార్డు యార్డంతా నవ్వింది. ఆ నవ్వు ఆమె చెవుల్లోంచి ఎన్నడూ పోలేదు.

ఏళ్ళ తరబడి ఆ బిగింపుకు నడుం చుట్టూ నల్లగీత పడింది. ఆ పనిచేసే ఆడవాళ్ళలో చాలామందికి ఉండేదే కాబట్టి పట్టించుకోలేదు. ఎండాకాలం చెమటకు, దుమ్ముకు దురద పెట్టేది. గోకితే పొక్కేది. పోనుపోను ముడి పడే ఎడమ పక్క చర్మం మందమై, తెల్లబారి, పగిలింది. కొబ్బరినూనె రాసింది, పసుపు అద్దింది. మెడికల్ షాపులో దురద మందు అడిగితే, ఎక్కడ అని అడిగాడు షాపతను. నర్సమ్మ మోచెయ్యి చూపించింది. పుండు మీద పాత గుడ్డ పెట్టి, దాని మీదే మళ్ళీ నాడా బిగించేది. భర్త కొమురెల్లి అదే యార్డులో హమాలీ. ఒకే కప్పు కింద ఉన్నా అతనికి సంగతి తెలియదు.

కాజీపేటలో ఉండే కూతురు పద్మలత చూడడానికి వచ్చినప్పుడు బయటపడింది. తల్లి పక్కన కూర్చొని తింటూ ముక్కు చిట్లించింది.

"అవ్వా, ఏందే గీ వాసన?"

"ఎల్క సచ్చింది కావచ్చు బిడ్డా."

పద్మలత కంచం పక్కకు నెట్టి ఇల్లంతా వెతికింది. వెతికి వెతికి తల్లి దగ్గరికే వచ్చి ఆగింది. వద్దంటున్నా వినకుండా కొంగు జరిపింది. గుడ్డ నిండా రసి, నెత్తురు. కింద పుండు అంచులు లేచి గోబిపువ్వు లెక్క ఉన్నాయి. మర్నాడే తల్లిని రైలెక్కించింది.

వరంగల్ పెద్ద దవాఖానలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ నర్సమ్మను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"కాన్సర్ అమ్మా. నాడా ఏండ్లకేండ్లు ఒక్కచోటనే ఒరుసుకొని పుండైంది. మానక గిట్ల మారింది. అందరికీ రాదు, నీకొచ్చింది."

నర్సమ్మకు నవ్వొచ్చినంత పనైంది. "నాడాకు గింత రోగమా మేడం? మా అవ్వ కట్టలేదా? ఊరంత కడ్తలేరా?"

"పొక్కినప్పుడే వస్తే బాగుండు. నాడాకు బదులు వెడల్పు పట్టీ వదులుగ కట్టుకొని, చోటు మార్చుకుంట ఉంటే పుండు దాకా రాకపోవు. ఇప్పుడు రోగం పాకి గజ్జల్ల గడ్డలు తేలినయ్."

బయటికొచ్చాక కొమురెల్లి గోడకానుకొని నిలబడ్డాడు. "ఒక్కపారి నాతోనన్న చెప్పకపోతివి."

"ఏమని చెప్పాలె? మన ఇద్దరం ఎన్నడు గసొంటియి మాట్లాడుకున్నం?"

అతను ఆమె చేతిలోని దవాఖాన కాగితాలు అందుకొని ముందు నడిచాడు.

పుండు కోసి, తొడ చర్మం తీసి అతికారు. గజ్జల్లో గడ్డలూ తీశారు. ఆ తర్వాత ఎడమకాలు స్తంభంలా వాచింది. పద్మలత నైటీలు తెచ్చిచ్చింది. నడుం మీద ఏ కట్టూ లేకుండా ఉండడం నర్సమ్మకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. హాయిగానే ఉంది. కానీ లేచి చేసే పనేదీ లేదు.

తోటి కూలీ యాకమ్మ చూడ్డానికి వచ్చింది. నర్సమ్మ ఆమె చెయ్యి పట్టుకొని బతిమాలింది. "జర వదులుగ కట్టుకోవే. నన్ను చూసినవు గద."

"కట్టి చూసిన అక్కా," అంది యాకమ్మ. "వంగినప్పుడల్లా జారుతాంది. చాట పట్టాల్నా, చీర పట్టాల్నా? పని ఆగుతాందని మేస్త్రీ తిట్టిండు. మళ్ళ బిగిచ్చిన."

నర్సమ్మ ఆమె చెయ్యి వదిలేసింది. చెప్పగలిగింది అదొక్కటే, దానికీ దారి లేదు.

అతికిన చర్మం పక్కనే మళ్ళీ పొక్కు లేచింది. ఈసారి డాక్టరమ్మ నొప్పి మందు రాసి, ఇంటికి తీసుకెళ్ళమంది. పక్కకు తిరగాలన్నా కొమురెల్లే తిప్పేవాడు. "జర మెల్లగ" అనేది, అంతే. వానలు తగ్గక ముందే నర్సమ్మ పోయింది.

దినాలయ్యాక కొమురెల్లి పనిలోకి వెళ్ళాడు. సగం దూరం మోసి, బస్తా కింద పెట్టి, దాని మీదే కూర్చుండిపోయాడు. మేస్త్రీ ఆ రోజు ఏమీ అనలేదు. మర్నాడు మాత్రం కొమురెల్లి బదులు ఆ బస్తాలకు ఇంకో మనిషిని పిలిపించాడు.