క్వినైన్ బిళ్ళలూ, అయ్య కేకా

మొన్న మనవడికి మలేరియా వస్తే గోపాలపట్నంలో డాక్టరు రాసిన బిళ్ళలు మూడు రోజుల్లో జ్వరాన్ని దించేశాయి. మన దవనానికి దాయాది లాంటి ఓ చైనా మొక్క ఆకులోంచి తీసిన మందట. దీనికి చెవులు మోగవా అని అడిగితే ఆ కుర్ర డాక్టరు నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోను.

ఎనభైల మొదట్లో ఉక్కు కర్మాగారం మట్టిపనికి వెళ్ళిన మా తమ్ముడు రోజు విడిచి రోజు, సరిగ్గా పొద్దు వాలే వేళకే వణికేవాడు. మామూలు బిళ్ళలు పనిచెయ్యక డాక్టరు క్వినైన్ ఇస్తే, వాడి చెవుల్లో హోరు మొదలై, ఆ హోరులో మా అయ్య కేక వినిపించసాగింది. అయ్య సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగిరాక అప్పటికే చాలా ఏళ్ళయింది.

ఆ హోరు మందు వల్లనేనని, మా జాలరిపేటలో మొదట కెమిస్ట్రీ చదివి కాలేజీ ల్యాబులో పనిచేస్తున్న నేను ఎంత చెప్పినా అమ్మ వినలేదు.

“బిళ్ళేసినప్పుడల్లా మీ అయ్య పిలుస్తన్నాడు. ఆ కేకకి నా పిల్లోడ్ని నాను ఇయ్యను.”

మావయ్యయితే అందరి ముందూ, “రెండు గాజుగొట్టాలు కడిగీసరికి డాట్రైపోనావేటి, అల్లుడా?” అన్నాడు. ఆయనింట ఏ పెళ్ళికీ నేను మళ్ళీ వెళ్ళలేదు.

రుజువు చేద్దామని గ్లాసు నీళ్ళలో ఆమ్లం చుక్కవేసి, బిళ్ళ కరిగించి ఎండలో పెట్టాను. నీళ్ళు నీలంగా వెలిగాయి. ఎక్కడో కొండల్లో పెరిగే సింకోనా చెట్టు బెరడుతో జ్వరం తగ్గుతోందని గమనించి, రసాయన శాస్త్రజ్ఞులు అందులోంచి ఈ చేదు పదార్థాన్ని వేరుచేశారనీ, కంటికి కనపడని కాంతిని పీల్చుకుని నీలంగా విడవడం దాని గుణమనీ వివరించాను. కానీ చీకట్లో వల లాగేటప్పుడు కెరటం మీద మెరిసేదీ ఆ నీలమే. మునిగిపోయినవాళ్ళ చూపు అంటారు మావాళ్ళు. అమ్మ గ్లాసు మీద పళ్ళెం బోర్లించి, బిళ్ళలు చెంగున ముడేసుకుంది.

మందు ఆగాక కేకా ఆగింది, జ్వరం ముదిరింది. తమ్ముడు మమ్మల్ని పోల్చుకోవడం కూడా మానేశాడు. ఇక దక్కడనుకుంటున్న మధ్యాహ్నం కాస్త తెలివొచ్చి, అమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

“ఇంకో బిళ్ళియ్యే అమ్మా. అయ్య ఏటో సెప్తన్నాడు, సివర ఇనబడ్నేదు.”

అమ్మ చెంగు ముడి విప్పింది.

“ఏటి సెప్తన్నాడో సరిగ్గా ఇను,” అంది.

వాడు బతికాడు. ఒడ్డునే ఉండమన్నాడట అయ్య. ఆ మాట విన్నాక అమ్మ కుదుటపడింది. నా మందు సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు క్వినైన్ వాడకం తగ్గిపోయింది. ఈ ఆకు మందుతో ఏ ఇంట్లోనూ పోయినవాళ్ళు పలకరు. ఆ రోజుల్లోనే, మిగిలిన బిళ్ళల్ని ఎవరికీ చెప్పకుండా నేను మింగి ఒడ్డున కూర్చున్నాను. చెవుల్లో గంటలు మోగాయి, అంతే. ఇంటికి పెద్దకొడుకుని; ఒక్కసారి పేరుపెట్టి పిలిస్తే అయ్య సొమ్మేం పోయేది?