గోడ మీద చాంతాడంత సంఖ్య

ఏ సంఖ్య కనిపించినా దాన్ని ముక్కలు చేసేదాకా మా మావయ్యకు నిద్రపట్టదు. అట్టపెట్టెల కార్ఖానాలో కటింగ్ మెషీను మీద పని కాబట్టి అలా అలవాటైందని కొందరంటారు. ఉయ్యాలలోనే మొదలైందని మా అమ్మ అంటుంది.

ఒకసారి బస్సు ఎక్కుతూ దాని నంబరు చూశాడు. ఆరు వందల అరవై ఏడు.

"ఎక్కడికండీ?" అన్నాడు కండక్టరు.

"ఇరవై మూడు ఇరవై తొమ్మిదులు!"

"ఆ స్టాపు ఈ దారిలో లేదండీ, దిగండి."

ఇంకోసారి డాక్టరు రక్తపోటు చూసి మొహం చిట్లించాడు. "నూట నలభై మూడు, కింద తొంభై ఒకటి."

మావయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "పదకొండు పదమూళ్లు, ఏడు పదమూళ్లు! రెండింట్లోనూ పదమూడుంది డాక్టరుగారూ!"

"మందులు వాడితే తగ్గుతుంది."

"అయ్యో, తగ్గించకండి, పాడవుతుంది!"

విడిపోని సంఖ్యలంటే, అదే ప్రధాన సంఖ్యలంటే, మహా గౌరవం. "మన పెళ్లై ఇరవై తొమ్మిదేళ్లు! ఎవ్వరూ విడదీయలేరు!" అని మురిసిపోయాడు.

"వచ్చే ఏడు ముప్పై. అప్పుడు చూసుకుందాం," అంది అత్తయ్య, కూర తరుగుతూ.

నేను పదో తరగతి లెక్కల్లో తప్పి, సిగ్గుతో బడికి మొహం చాటేశాను. మావయ్య నన్ను తన పక్కనే పెట్టెలకు జిగురు రాసే పనిలో పెట్టించాడు. మళ్లీ పరీక్షకు కట్టమని అత్తయ్య రోజూ పోరేది. "లెక్కలు నాకు రావత్తయ్యా" అనేదాన్ని. మావయ్య మాత్రం పల్లెత్తు మాట అనేవాడు కాదు.

ఆయన మెషీను వెనక గోడ మీద బొగ్గుముక్కతో రాసిన ఓ సంఖ్య ఉండేది. చాంతాడంత పొడవు. ఆ చివరికి చేరేసరికి ఈ చివర మరిచిపోతాం.

"పదేళ్లుగా దీంతో కుస్తీ పడుతున్నానే," అన్నాడో రోజు. "విడిపోయే సంఖ్యే, సందేహం లేదు. లోపల మనుషులున్న అలికిడి వినిపిస్తోంది, తలుపు మాత్రం తీయడం లేదు."

"దేంతో భాగించి చూశావు మావయ్యా?"

"నలభై లోపువన్నీ అయ్యాయి. పై వాటికి కళ్లు తిరుగుతున్నాయి. జిగురు ఆరేదాకా ఊరికే కూర్చుంటావుగా, కాస్త చూసిపెట్టు."

పారేసే అట్టముక్కల మీద మొదలుపెట్టాను. నలభై ఒకటి పోలేదు. నలభై మూడూ పోలేదు. నలభై ఏడు దగ్గర ఎక్కడో తప్పాను. మావయ్య అట్టముక్క వంక ఓరగా చూసి, "మధ్యలో ఎవరో జారిపడ్డారు, లేపు," అని తన పనిలో పడ్డాడు. జారినచోట దిద్దుకుని ముందుకు పోయాను. కొన్నాళ్లకు జిగురు ఎప్పుడు ఆరుతుందా అని కాక, అప్పుడే ఆరిపోయిందా అనిపించసాగింది.

పరీక్షకు కట్టడానికి ఆఖరి వారం వచ్చింది. ఆ వారంలోనే ఎనభై మూడుతో భాగించాను. చివర సున్నా మిగిలింది. మళ్లీ చేశాను. మళ్లీ సున్నాయే.

"మావయ్యా, పోయింది."

ఆయన మెషీను ఆపి, కార్ఖానా అంతా తిరిగి చూసేలా కేకపెట్టాడు.

"నేనేమన్నా పొరపాటు చేశానేమో చూడు."

"సంఖ్యకు మనుషుల తేడా తెలియదే పిచ్చిదానా! నువ్వు విడదీసినా, పెద్ద ప్రొఫెసరు విడదీసినా చివరికి అవే ముక్కలు."

నేను గోడ వంక చూశాను. దానికి సున్నం కొట్టింది నేను చేరడానికి ముందు వారమే. కిటికీ అద్దాల మీద ఆ చుక్కలింకా పోలేదు. పదేళ్ల కుస్తీ ఆ సున్నం మీద ఎలా జరిగింది? ఈయనే కూర్చుని, ఎనభై మూడుని ఇంకేదో కొండంత సంఖ్యతో గుణించి, నాకోసం అక్కడ రాసి పెట్టాడు!

మావయ్య నా చూపు పసిగట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఏ మరకా లేని బ్లేడును గబగబా తుడవసాగాడు.

"పరీక్షకు ఈ వారమే ఆఖరట," అన్నాడు బ్లేడుతో.

"కడతాను."

"లెక్కలు రావన్నావుగా?"

"నీకు అబద్ధాలు వచ్చా? అయినా ఆడలేదూ?"