కళాయి పెట్టించిన ట్యూబా

వంటింట్లో గిన్నెలు మాడ్చిన ఆడవాళ్లు లోకమంతా ఉంటారు. నేను మాడ్చింది మా ఆయన ట్యూబాను. అదీ పట్టపగలు, బొగ్గుల కొలిమి మీద, దేవునికి స్తోత్రాలు చెల్లిస్తూ! తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఒక మెట్టు దిగి మళ్లీ ఎక్కుతుంది.

బ్యాండు మేళంలో వెనక నుంచి ఒకాయన ఏనుగుపిల్లను ఎత్తుకున్నట్టు పెద్ద ఇత్తడి బాకా మోస్తూ "బోం బోం" అంటుంటాడే, అదే ట్యూబా. మా కోరుట్లలో ఆ ఒకాయన మా ఆయన దావీదు. ఊదేది మాత్రం అద్దె బాకా. నేను బడి మొహం చూడలేదు. మా అమ్మ ఇంట్లోనే నాకు రెండు చదువులు చెప్పింది: బైబిలు చదవడం, ఇత్తడి గిన్నె మంచిదో కాదో చూడడం. ఆ రెండో చదువే నా కొంప ముంచింది.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. జగిత్యాల దీక్షా శిబిరానికి ఒక్కో రోజు ఒక్కో పనివాళ్లు తమ పనిముట్లతో ఊరేగింపుగా పోయేవాళ్లు. బ్యాండు వాళ్ల వంతు రాబోతోంది. అక్కడ పెద్ద బ్యాండు నడిపే మల్లయ్య మాస్టరు మా ఆయనకు కబురు పెట్టాడు: "తమ్మీ, సొంత బాకా తెచ్చుకో. ర్యాలీల నీ ఊదుడు ఇని చూస్త. నచ్చితే మా సెట్టుల జాగ ఇస్త." నచ్చకపోతే దుబాయే గతి. వీసా అప్పటికే వచ్చి ఉంది. నా ప్రార్థనంతా ఆ బాకా చుట్టే తిరిగేది.

సిరిసిల్లలో ఒక ముసలాయన పాత ట్యూబా అగ్గువకు ఇస్తాడంటే ఇద్దరం పోయాం. ఒళ్లంతా సొట్టలు. నాకు కళ్లు తిరిగాయి.

"సొట్టలు జూడకే" అన్నాడు మా ఆయన. "మీటలు సాఫ్‌గ జారాలె, అతుకుల కాడ గాలి పోవద్దు. గంతే."

మీట నొక్కకుండానే ఒక గొట్టం బయటికి లాగాడు. సీసా మూత తీసినట్టు 'టప్' మంది. "ఇన్నవా? గాలి పోతలేదు. బంగారమసొంటి బాకా!"

నేను నా పద్ధతిలో పరీక్షించాను. వేలితో కొట్టాను, వాసన చూశాను, తల లోపలికి పెట్టి చూశాను. అమ్మో! లోపలంతా పచ్చగా చిలుము! ఇత్తడి గిన్నెకు చిలుము పడితే అందులో పులుసు పోస్తామా? ఈయన దీన్ని నోట్లో పెట్టుకుంటాడు కదా! కానీ అప్పటికే ఆయన డబ్బు లెక్కపెట్టి ముసలాయన చేతిలో పెట్టేశాడు.

ర్యాలీకి ముందురోజు మా ఆయన మేడిపల్లిలో పెండ్లి ఊరేగింపుకు డోలు కొట్టడానికి పోయాడు. ఆయన అటు పోగానే ఇటు మా గల్లీలో "కళాయీ..." అని కేక. గిన్నెలకు లోపల తెల్లగా తగరం పూత వేసే అన్న! దేవుడే పంపించాడనుకున్నాను. పాపం, దేవునికి ఆ సంగతే తెలియదు.

"అమ్మా, గిది గిన్నె గాదు" అన్నాడతను, ట్యూబాను చూసి ఒక అడుగు వెనక్కి వేసి.

"ఇత్తడే గదన్నా?"

"ఇత్తడే. గని గిండ్ల పేగులున్నయి!"

"పేగులకు గూడ పెట్టు."

కొలిమి రాజుకుంది. తెల్లని నవసాగరం పొడి చల్లాడు, పొగ లేచింది. నేను కళ్లు మూసుకుని స్తోత్రం అన్నాను. 'ఠంగ్' మంది. కళ్లు తెరిచేసరికి ఒక గొట్టం కింద పడి ఉంది. "అన్నా..." అనేలోగా ఇంకొకటి, దాని వెనక మరొకటి! అతుకులన్నీ వేడికి కరిగిపోయాయి. మా సంసారమంతా విడిభాగాలుగా నేల మీద దొర్లుతోంది.

"జెప్పిన గదమ్మా!" అతను నెత్తి పట్టుకున్నాడు.

మళ్లీ అతికించాడు, పాపం, తనకు తోచినట్టు. చివర్న ఒక వంకర గొట్టం మిగిలింది.

"గిదేందన్నా?"

"ఎక్కువచ్చినట్టున్నదమ్మా."

ఊది చూశాను. ఏదో శబ్దం వచ్చింది. నాకదే చాలు. మిగిలిన గొట్టాన్ని బియ్యం డబ్బాలో దాచాను.

మర్నాడు మా ఆయన మేడిపల్లి నుంచి నేరుగా జగిత్యాల వచ్చాడు. ట్యూబాను నేనే జీపులో తీసుకుపోయి చేతికిచ్చాను. చూసుకునే తీరిక లేదు, ఊరేగింపు కదిలింది. ముందు పాడె మీద ఒక నాయకుని దిష్టిబొమ్మ, వెనక బ్యాండు. మల్లయ్య మాస్టరు చెయ్యి ఎత్తాడు. మా ఆయన ఛాతీ నిండా గాలి పీల్చి ఊదాడు.

మొదట తెల్లపొడి ఎగిరి మాస్టరు నెత్తిన పడింది. తరవాత వచ్చింది చప్పుడు. దూడ చచ్చిన బర్రె నూతిలో పడి ఏడ్చినట్టు! డప్పులు ఆగాయి. క్లారినెట్లు ఆగాయి. మా ఆయన మొహం తెల్లబోయింది. నా కళ్ల ముందు విమానం లేచిపోయింది.

అంతలో పాడె పక్కనున్న ఒక పెద్దమ్మ ఆ చప్పుడు విని రొమ్ము బాదుకుంది: "ఓ కొడుకా! పోతివా కొడుకా!" జనమంతా గొల్లున అందుకున్నారు. దిష్టిబొమ్మకు అంత ఘనమైన ఏడుపు జగిత్యాల ఎన్నడూ చూసి ఉండదు.

"తమ్మీ, ఆపకు! ఊదు!" అని మాస్టరే కేకలు.

శిబిరం చేరాక మాస్టరు మా ఆయన భుజం తట్టాడు. "గిసొంటి ఏడుపు నా బతుకుల ఇనలే. దుబాయి ముచ్చట ఇడిసిపెట్టు. ఇగ దిష్టిబొమ్మ ఏడ లేస్తే గాడ నువ్వు!"

నేను ఆకాశం వైపు చూసి దండం పెట్టుకున్నాను. మా ఆయన మాత్రం ట్యూబా లోపలికి చూస్తున్నాడు.

"ఏమే, గిండ్ల నా మొకం కనవడుతాందేందే?"

"కళాయి పెట్టిచ్చిన."

"బాకాకా!"

"చిలుమున్నదని... ఒక గొట్టం గూడ మిగిలింది. పైలంగనే ఉంది, బియ్యం డబ్బాల."

ఆయన రోడ్డు మీద కూలబడ్డాడు. నిన్నటిదాకా పని ఇవ్వక దుబాయి పొమ్మన్న దేశం, బాకాను పాడుచేసి ఇవాళ ఆయన్ను నిలబెట్టిన పెండ్లాం, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక చివరికి పొట్ట పట్టుకుని నవ్వాడు.

తెలంగాణ వచ్చింది. ఏడ్పించడానికి దిష్టిబొమ్మలు మిగల్లేదు. పెండ్లిళ్లకు ఆ ఏడుపు పనికిరాదు కనుక మాస్టరే ఇంకో ట్యూబా చూడమన్నాడు. ఈసారి సిరిసిల్లలో మా ఆయన నన్ను గేటు బయటే నిలబెట్టి, "ఆడనే ఉండు, వాసన గూడ జూడకు" అన్నాడు.

అందుకే పాఠకులారా, బైబిలు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పులుసు కాచలేని ఏ వస్తువుకూ ఈ జన్మలో కళాయి పెట్టించను. ఈ సంగతి ఆ కళాయి అన్నకు ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. ఇప్పటికీ మా గల్లీ మలుపు తిరగగానే కేక మానేసి, సైకిలు దిగి, చప్పుడు చేయకుండా నడిపించుకుంటూ దాటిపోతాడు.